సుఖారు బావి, కారంచేడు చెరువు

పీహెచ్.డి. చివరి సంవత్సరంలో ఇంటికొచ్చి ఉన్నప్పుడు మా ఊరి చర్చిలో సండే స్కూలు పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఒక ఆదివారం సమరయ స్త్రీ కథ వచ్చింది. తెలియనివాళ్ల కోసం రెండు మాటల్లో చెప్తాను. మిట్టమధ్యాహ్నం సుఖారు అనే ఊరి బయట, యాకోబు బావి దగ్గర ఒక స్త్రీ నీళ్లకొస్తుంది. అక్కడ కూర్చున్న యేసు ఆమెని దాహమడుగుతాడు. యూదుడివి, సమరయ ఆడదాన్ని నన్ను నీళ్లెలా అడుగుతావని ఆమె నిలదీస్తుంది. ఎందుకంటే రెండు జాతుల మధ్యా పొత్తు లేదు.

ఇంతవరకు చెప్పానో లేదో, తొమ్మిదేళ్ల పిల్ల లేచి, “అక్కా, అంటే ఆమె మాదిగామా?” అంది. వెనక బెంచీలో పిల్లాడు, “కాదు, మాలామె” అన్నాడు. అందరూ నవ్వారు. పాఠం పుస్తకం చివర ప్రశ్నా జవాబూ అచ్చేసి ఉన్నాయి. ఎవరినీ తక్కువగా చూడకూడదు, అదీ జవాబు. నేనదే మూడుసార్లు చెప్పించి, బిస్కట్లు పంచి పంపేశాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఎవరినీ తక్కువగా చూడకూడదు, సరే. చూసేదెవరు? ఆ పుస్తకాలు రాసేవాళ్ల లెక్కలో పిల్లలెప్పుడూ దయ చూపించే వైపే ఉంటారు. ఆ గదిలోని పిల్లలంతా బావి దగ్గర ఆ స్త్రీ నిలబడ్డ వైపు పుట్టినవాళ్లు. అలాగని వాళ్ల మనసుల్లో ఏమీ లేదనీ అనలేను. మా మాదిగపల్లెలో మాలపల్లె గురించి, అక్కడ మా గురించి, ఇద్దరూ కలిసి యానాదుల గురించి అనుకునే మాటలు పిల్లలు ఇంటినుంచే తెచ్చుకుంటారు.

నిజానికి మా చర్చిలు పుట్టిందే ఈ ప్రశ్న మీద. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆ ఏడే మాదిగ కులస్థుడైన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మిషన్ వైపు మొగ్గిన పై కులాలవాళ్లు, మాదిగల్ని చేర్చుకుంటే తాము రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, భార్య హారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందట. దేవుడు పిలిచినవాళ్లలో జ్ఞానులూ ఘనులూ ఎక్కువమంది లేరని చెప్పే చోటు. దాంతో మాదిగల వైపే నిలబడ్డారు. సాక్ష్యాలు చెప్పీ చెప్పీ ఆ కథ ఎంత నునుపుదేలిందో గానీ, ఆ నిర్ణయం మాత్రం చరిత్ర. అంతకుముందు మచిలీపట్నంలో 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ ఇంకో దారి పట్టాడు. పై కులాల పిల్లలు మానేస్తారని అంటరానివాళ్ల పిల్లల్ని చేర్చుకోలేదు. ఇద్దరూ చదివింది ఒకే బైబిలు.

క్లౌ జీవితకథ ఆయన పోయిన నాలుగేళ్లకి, 1914లో అచ్చయింది. దాన్ని రాసింది రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఆమె మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసింది. స్త్రీల హక్కుల మీద ఆ పుస్తకం 1898లో వచ్చింది. మరుసటేడు మాదిగల జీవితాల మీద ఇంకో పుస్తకం వేసింది. భర్త పుస్తకం మీద మాత్రం ఆమె ‘ఆయన కోసం రాసిపెట్టిన భార్య’. ఒంగోలు మిషన్ గురించి చెప్పేవాళ్లు 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ పని, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్న బాప్తిస్మం గురించి చెప్తారు. ఎమ్మా పేరు అరుదుగా వినిపిస్తుంది.

ఇంత వాదన మీద కట్టుకున్న చర్చిలో పాఠం అంత చప్పగా ఎలా అయింది? నాకు తోచిన కారణం ఒకటుంది. ఒకే ఆదివారం అన్ని చర్చిలూ ఒకే పాఠం చెప్పుకునే పద్ధతి 1872లో అమెరికాలో మొదలై, మిషన్ల వెంట మనదాకా వచ్చింది. ఊరూరికీ సరిపోయే పాఠంలో ఏ ఊరి బావీ ఉండదు. వివక్ష ఎప్పుడూ ఎక్కడో సమరయలోనే ఉంటుంది. పెద్దవాళ్ల ప్రసంగాల్లోనేమో బావి కంటే ఆమె అయిదుగురు మొగుళ్ల గురించే ఎక్కువ వింటాం. వాళ్లు చనిపోయారో, వదిలేశారో సువార్తలో లేదు. ఆమె చెడ్డదని మాత్రం తేల్చేస్తారు.

మా జిల్లాలో ఆ కథ జరిగింది. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు నీళ్లు ముంచుకునే మంచినీళ్ల చెరువులో కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక కుర్రాడు అభ్యంతరం చెప్పాడు. వాణ్ణి కొడుతుంటే నీళ్లకొచ్చిన ఒకామె అడ్డుపడి, మీదికొచ్చినవాళ్ల మీద బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బిందె ఎత్తిన ఆమె పేరు మున్నంగి సువార్త. సమరయ స్త్రీ పాఠం చెప్పే ఏ పుస్తకంలోనూ నాకామె కనపడలేదు.

తర్వాతి నెల పాఠం మళ్లీ చెప్పాను, కారంచేడుతో కలిపి. ఎవరింట్లో ఎవరి గురించి ఏమంటారో చెప్పమంటే మొదట ఇకిలించారు, తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. ఆ సాయంత్రం సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి, “పిల్లల ముందు కులం మాటలెందుకమ్మా, రేపు సర్టిఫికెట్ల దగ్గర నువ్వొస్తావా?” అన్నాడు. కోపమొచ్చింది గానీ ఆయన భయం అబద్ధం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సడలింది. దళిత క్రైస్తవులు మన దగ్గర బీసీ-సీ లోనే ఉండిపోయారు. అందుకే ఆ పిల్లలకి చర్చిలో ఒక పేరు, బళ్లో ఒక పేరు. నోరు విప్పమని పిల్లలకి చెప్పేముందు ఆ తల్లులతో మాట్లాడి ఉండాల్సింది. అది నాకు తట్టలేదు.

మొదటిరోజు అడిగిన పిల్లే రెండోసారీ లేచింది. “ఇంతకీ ఆమె నీళ్లిచ్చిందా అక్కా?” అంది. నాకు తెలియలేదు. ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదివాను. ఇచ్చినట్టు లేదు. కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి వెళ్లిందని ఉంది.