వంటగట్టు మీద పంచభుజాలు

1975 డిసెంబరు. అమెరికాలో పసిఫిక్ ఒడ్డునున్న శాన్‌డియాగో. క్రిస్మస్ ముంచుకొచ్చింది. ఐదుగురు పిల్లలున్న ఇల్లాలికి ఆ రోజులెలా గడుస్తాయో మన ఆడవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, సంక్రాంతి ముందు వారం తలుచుకుంటే చాలు. పొయ్యి ఆరదు, గుమ్మంలో చెప్పుల చప్పుడు ఆగదు. ఎవరికి ఏం పెట్టాలి, ఎవరు ఎప్పుడొస్తారు, ఎవరికి ఏం కొనాలి, అన్నీ ఒక్క తలలోనే తిరుగుతుంటాయి.

ఆ ఇంట్లో ఒక మధ్యాహ్నం ఇలా గడిచి ఉంటుంది. వెళ్లాల్సినవాళ్లు వెళ్లారు. ఇల్లు సద్దుమణిగింది. ఆవిడ వంటగట్టు మీద ఓ మూల తడి తుడిచి కాగితం పరిచింది. పెన్సిలుతో ఐదు గీతల బొమ్మ ఒకటి గీసింది. దాన్ని ఆనుకుని అలాంటిదే ఇంకొకటి, తిరగేసి. ఆ రెండింటి మధ్య మూల దగ్గర మూడోది. ఎక్కడో సందు మిగిలింది. రబ్బరుతో చెరిపి, ఒక గీత పొడుగు తగ్గించి మళ్లీ గీసింది. బయట కారు ఆగింది. తలుపు తెరుచుకునేలోపు చేతికందిన గుడ్డేదో కాగితం మీద పడింది. వచ్చినవాళ్లకి కావలసినవి అమర్చింది, మాట్లాడింది, నవ్వింది. వాళ్లు అటు వెళ్లాక కాగితం మళ్లీ బయటికొచ్చింది.

ఆవిడ పేరు మార్జరీ రైస్. అప్పటికి వయసు 52. చదువు హైస్కూలుతో సరి. ఆ కాగితాల్ని ఎందుకు దాచేదో తర్వాత ఆవిడే చెప్పింది. చూసినవాళ్లు అదేమిటని అడుగుతారు, అడిగితే వివరించాలి, ఆ వివరణ ఇచ్చుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. తప్పుపని కాదు, రహస్యం అంతకన్నా కాదు. ఇంటిపనిలో లెక్కకు రాని పనికి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఎంత ఇబ్బందో, చాటుగా కథ రాసుకున్నవాళ్లకీ వీణ మూలపెట్టి మళ్లీ తీసినవాళ్లకీ బాగా తెలుసు.

గుడ్డ కింద దాగింది మాత్రం చిన్న కాలక్షేపం కాదు. ప్రపంచంలోని గణితవేత్తల్ని దాదాపు అరవై ఏళ్లుగా ఏడిపిస్తున్న చిక్కుముడి.

చెప్పడానికి తేలికే. గచ్చు మీద బిళ్లలు పరవాలి. అన్నీ ఒకే అచ్చులో పోసినవి, లోపలికి నొక్కు లేనివి. మధ్యలో సందు ఉండకూడదు, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కకూడదు. మూడు మూలల బిళ్ల ఏ ఆకారంలో ఉన్నా పరిచెయ్యొచ్చు. నాలుగు మూలలదీ అంతే, ఎంత వంకరగా కోసినా ఎలాగోలా సర్దుకుంటుంది. ఆరు మూలలవాటిలో కుదిరేవి మూడే రకాలు. ఏడు మూలలూ ఆ పైనా అయితే అసలు కుదరవు. చిక్కంతా ఐదు మూలల దగ్గరే వచ్చింది. భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉన్న పంచభుజిలో ఒక్కో కోణం 108 డిగ్రీలు. మూడు బిళ్లల్ని ఒక చుక్క దగ్గర కలిపితే 324 అవుతుంది. నిండాల్సింది 360. మిగిలిన 36 డిగ్రీల సందులో నాలుగో బిళ్ల పట్టదు. అందుకని ఒక భుజం సాగదీసి, ఒక కోణం తగ్గించి, ఏ పంచభుజాలు ఇమిడి కూర్చుంటాయో వెతకాలి. అలాంటివి ఎన్ని రకాలున్నాయన్నదే ప్రశ్న.

1918లో జర్మనీలో కార్ల్ రైన్‌హార్ట్ ఐదు రకాలు కనిపెట్టాడు. యాభై ఏళ్లు గడిచాక, 1968లో, రిచర్డ్ కెర్ష్‌నర్ అనే అమెరికన్ మరో మూడు చేర్చి జాబితా పూర్తయిందన్నాడు. నిరూపణ రాస్తే పెద్ద పుస్తకమవుతుందని రాయకుండా వదిలేశాడు. ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో గణిత వినోదాల శీర్షిక నడిపే మార్టిన్ గార్డ్‌నర్ 1975 జూలైలో ఈ ఎనిమిదింటి గురించీ రాశాడు. అది చదివిన రిచర్డ్ జేమ్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రామరు, జాబితాలో లేని మరో పంచభుజిని గీసి పంపాడు. ఆ కబురు డిసెంబరు సంచికలో వచ్చింది. రైస్ ఇంటికి ఆ పత్రిక కొడుకు చందా మీద వచ్చేది. ఇష్టంగా చదివేది మాత్రం తల్లి.

పూర్తయిందని పెద్దలు చెప్పిన జాబితాలో ఒకటి తప్పిపోయిందంటే, ఇంకొకటి కూడా తప్పిపోయి ఉండొచ్చు కదా. రైస్ వెతకడం మొదలుపెట్టింది ఆ ఆలోచనతోనే, అదీ ఇంట్లో ఊపిరాడని పండగ రోజుల్లో.

ఆవిడ కథ చదివినప్పుడల్లా నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. గణితవేత్తలు వాడే గుర్తులు ఆవిడకి రావు. అందుకని సొంతంగా ఒక లిపి తయారు చేసుకుంది. ఏ భుజం ఏ భుజంతో సమానం, ఏ కోణాలు కలిస్తే 360 కావాలి, ఏవి కలిస్తే సరళరేఖ కావాలి, ఇవన్నీ చిన్న చిన్న గుర్తుల్లో పెట్టుకుంది. వాటి పట్టు దొరికాక ఏయే పొందికలకి వీలుందో వరసగా పరీక్షిస్తూ పోయింది. నాకేమనిపిస్తుందంటే, ఆ లిపి ఆవిడ రోజుకి సరిగ్గా సరిపోయేలా పుట్టింది. పది నిమిషాలు దొరుకుతాయి, పోతాయి. మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. పేజీల కొద్దీ సాగే సమీకరణం మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదటికి రావాలి. ఒక గుర్తు అలా కాదు. పొయ్యి దగ్గర నిలబడి కూడా ఒక్క షరతుని మనసులో పెట్టుకోవచ్చు: ఈ రెండు కోణాలూ కలిసి 180 అయితే, ఆ మూడోది ఎంత? చేతులు చేసే పని చేతులు చేస్తూనే ఉంటాయి. మళ్లీ కాగితం దగ్గరికి వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

1976 ఫిబ్రవరిలో గార్డ్‌నర్‌కి ఒక ఉత్తరం అందింది. లోపల ఒక కొత్త పంచభుజి, దాని చుట్టూ ఎవరూ చూడని గుర్తులు. గార్డ్‌నర్ ఆ రంగంలో నిపుణుడు కాడు. ఉత్తరాన్ని పెన్సిల్వేనియాలోని మొరేవియన్ కాలేజీలో గణితం చెప్పే డోరిస్ షాట్‌ష్నైడర్‌కి పంపాడు. ఆ గుర్తులు చూసి ఆవిడ మొదట నమ్మలేకపోయింది. ఏదో పురాతన చిత్రలిపిలా ఉంది వ్యవహారం. అయినా పక్కన పడెయ్యలేదు. ఓపిగ్గా ఒక్కో గుర్తుకీ అర్థం పట్టుకుని, కొలిచి, సరిచూసింది. సరైనదే. కొత్తదే. హైస్కూలు చదువు తప్ప మరో పట్టా లేని మనిషి పంపిన కాగితాన్ని అంత శ్రద్ధగా చదివిన ఆ ప్రొఫెసరుకి ఈ కథలో సగం గౌరవం దక్కాలి. ఎందరి కాగితాలో అలా చదివేవాళ్లు లేక పోయాయి.

రైస్ అక్కడితో ఆగలేదు. 1976, 77 సంవత్సరాల్లో మరో మూడు కొత్త రకాలు పట్టుకుంది. తెలిసిన రకాల్ని కొత్తగా పరిచే పద్ధతులు కలుపుకుంటే, ఆవిడ గీసిన అమరికలు అరవై దాటాయి. షాట్‌ష్నైడర్ వీటన్నిటినీ 1978లో ఒక గణిత పత్రికలో వివరంగా ప్రచురించింది. ఇంట్లోవాళ్లకి మాత్రం ఇదంతా చాలాకాలం తెలియదు. అమ్మ వంటింట్లో ఏవో బొమ్మలు గీసుకుంటోంది అనుకున్నారు.

ఈ కథ చెప్పి, ‘చూశారా, ఆవిడకి గది లేదు, బల్ల లేదు, అయినా సాధించలేదూ!’ అనేవాళ్లుంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. ఇంటెడు చాకిరీ మధ్య ఆ పని సాధ్యమైందంటే అది ఆవిడ గొప్పతనం, ఆ చాకిరీది కాదు. మంచాన పడ్డ అత్తగారికి మందులిస్తూ, పిల్లాడి పరీక్షలకి తెల్లవారుజామున లేస్తూ, కుట్టో పాటో పద్యమో ఆపేసినవాళ్లకి ఆవిడని చూపించి సిగ్గుపడమనడం అన్యాయం. వాళ్లకి కావలసింది ఆదర్శం కాదు. ఆ గంటసేపు మందుల సీసా పట్టుకునే ఇంకో చెయ్యి. ‘నువ్వు గీసుకో, నేను చూసుకుంటాను’ అని ఆ ఇంట్లో ఎవరైనా అని ఉంటే కాగితం మీద గుడ్డ కప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. అడగలేదు కాబట్టి తెలియలేదు. తెలియలేదు కాబట్టి అనలేదు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. అందులో దుర్మార్గం లేదు, కానీ నష్టం ఉంది.

ఇంకో మాటా ఒప్పుకోవాలి. ఎవరూ గమనించకపోవడం వల్ల ఆవిడకి ఒక స్వేచ్ఛా దొరికింది. ఎప్పటికి పూర్తవుతుందని అడిగేవాళ్లు లేరు, దీనివల్ల లాభమేమిటని అడిగేవాళ్లూ లేరు. నచ్చింది కాబట్టి గీసింది. అన్నీ కనిపెట్టాక కూడా ఆ బిళ్లలతో ఆట మానలేదు. వాటిలో తేనెటీగల్నీ సీతాకోకచిలుకల్నీ చేపల్నీ ఇమిడ్చి, ఒకదాని అంచు ఇంకొకదాని అంచుగా మారేలా రంగుల బొమ్మలు వేసింది. ఉపన్యాసమివ్వమని పిలిస్తే వద్దంది. స్వతహాగా బిడియస్తురాలు.

1995లో లాస్ ఏంజెలిస్‌లో అమెరికా గణిత సంఘం ప్రాంతీయ సమావేశం జరిగింది. రైస్ కనిపెట్టినవాటి మీద షాట్‌ష్నైడర్ అక్కడ మాట్లాడుతోంది. ఎంతో నచ్చజెప్పాక రైస్ దంపతులిద్దరూ వచ్చి శ్రోతల్లో కూర్చున్నారు. బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. చివర్లో షాట్‌ష్నైడర్, ఇవి గీసిన మనిషి ఇక్కడే ఉన్నారంటూ పేరు చెప్పింది. గదిలో ఉన్న గణితవేత్తలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. భర్త పక్కనే ఉన్నాడు. కాగితాల మీద గుడ్డ కప్పిన రోజులకీ ఆ చప్పట్లకీ మధ్య ఇరవై ఏళ్లు. 1999లో వాషింగ్టన్‌లోని అమెరికా గణిత సంఘం ప్రధాన కార్యాలయం ముందు హాలులో, ఆవిడ అమరికల్లో ఒకదాన్ని పింగాణీ బిళ్లలతో నేల మీద పరిచారు.

వేట మాత్రం అయిపోలేదు. 1985లో జర్మనీ వాడైన రోల్ఫ్ స్టైన్ 14వ రకం చూపించాడు. 2015లో అమెరికాలో ముగ్గురు కలిసి కంప్యూటర్ సాయంతో 15వది బయటపెట్టారు. ఇక చాలా, ఇంకా ఉన్నాయా అన్న ప్రశ్నకి 2017 జూలైలో ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి మైకేల్ రావో జవాబిచ్చాడు. కంప్యూటర్‌తో వీలున్న దారులన్నీ వెతికించి, 16వది లేదని నిరూపించానని ప్రకటించాడు. అదే నెల 2న రైస్ 94 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆ పదిహేనింటిలో ఐదు రైన్‌హార్ట్‌వి, మూడు కెర్ష్‌నర్‌వి, జేమ్స్, స్టైన్, ఆ ముగ్గురి బృందం తలా ఒకటి. మిగిలిన నాలుగూ మార్జరీ రైస్‌వి.