నది ఒడ్డున నిలిచిన రాళ్లు: మెంఫిస్ నగర సందర్శనము

మన అధ్యక్ష ఖండపు శతాబ్ది సంచికకు చరిత్ర వ్యాసము ఒకటి వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మన మిషనెరీలను గురించి వ్రాద్దామని మొదట అనుకున్నాము. అయితే ఆ సంగతులు మాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. కనుక వేరొక దేశములో, ఒక నది ఒడ్డున, తోటి దైవసేవకులతో కలిసి మేము మూడు దినములు తిరిగి చూచిన చరిత్రను సంఘస్థుల ముందు ఉంచుతున్నాము. దూరదేశపు సంగతి మనకెందుకని చదువరులు అనుకోవచ్చును. నూరేండ్ల పండుగ చేసుకుంటున్న సంఘమునకు అది ఎందుకో వ్యాసము చివర తేలుతుంది.

ఆ నగరము అమెరికా దక్షిణ ప్రాంతములో, టెనెస్సీ రాష్ట్రపు నైరుతి మూలలో, మిసిసిపీ నది తూర్పు గట్టున ఉన్న మెంఫిస్. చికసా అనే ఆదివాసులు 1818లో ఒడంబడిక ద్వారా ఆ ప్రాంతమును వదులుకోవలసి వచ్చింది. మరుసటి ఏట, అనగా 1819లో, ఆండ్రూ జాక్సన్ మొదలైన ముగ్గురు భూస్వాములు అక్కడ పట్టణము వేశారు. పెద్ద నది ఒడ్డున ఉన్నది గనుక నైలు నది ఒడ్డునున్న ఐగుప్తు పట్టణము పేరే దానికి పెట్టారు. ఐగుప్తు పేరు పెట్టుకున్న ఆ ఊరిలో బానిసలు కూడ ఉన్నారు. వారు మోషే కథ విని తమ కథే అనుకున్నారంటే ఆశ్చర్యము లేదు.

మొదటి దినము యూనియన్ అవెన్యూలోని పత్తి మ్యూజియము చూచాము. పత్తి వర్తకుల సంఘమువారు ఒకప్పుడు బేరములు సాగించిన హాలునే 2006లో మ్యూజియముగా తెరిచారు. ధరలు వ్రాసిన పెద్ద నల్లబల్ల ఇప్పటికీ గోడ మీద ఉన్నది. ఆ బల్లకు మన దేశముతో కూడ సంబంధమున్నది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందలేదు. అప్పుడు మన దేశపు పత్తి ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది. నల్లబల్ల మీద ధర ఉన్నది గాని, ఆ పత్తిని చేలో ఏరిన చేతుల లెక్క దాని మీద లేదు.

ఆ లెక్క వెదకుతూ ఆడమ్స్ అవెన్యూకు వెళ్లాము. అక్కడ కాల్వరీ ఎపిస్కోపల్ దేవాలయము ఉన్నది. అది మన ఆంగ్లికన్ కుటుంబములోని సంఘమే. ఆ దేవాలయపు ప్రక్క స్థలములోనే 1854 నుండి 1860 వరకు నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ అనే వర్తకుడు మనుష్యులను అమ్మాడు. ఇతడే తరువాత దక్షిణ సైన్యములో సేనాధిపతి అయ్యాడు, కూ క్లక్స్ క్లాన్ అనే దుష్ట సంఘమునకు మొదటి నాయకుడయ్యాడు. 1955లో ఆ చోట ఒక చరిత్ర ఫలకము నాటారు. ఫారెస్ట్ ఇల్లు ఇక్కడ ఉండేదని, వ్యాపారములో ధనవంతుడయ్యాడని దాని మీద వ్రాశారు. ఏమి వ్యాపారమో వ్రాయలేదు. అబద్ధము ఒక్కటి లేదు, నిజము మాత్రము దాగిపోయింది.

ఆ దేవాలయమువారు, రోడ్స్ కాలేజీ విద్యార్థులు కలిసి పాత దస్తావేజులు వెదికారు. 2018 ఏప్రిల్ 4న క్రొత్త ఫలకము నిలిపారు. ఇక్కడ అమ్మినది మనుష్యులనని దాని మీద స్పష్టముగా వ్రాశారు. ఆ దినపు ఆరాధనలో, ఆ చోట అమ్ముడుపోయినవారి పేర్లు దొరికినంతవరకు చదివారు. తమ ప్రహరీ ప్రక్కనే ప్రతి దినము జరిగిన పాపమును ఒక సంఘము తన నోటితో ఒప్పుకొనుటకు నూట యాభై ఏండ్లకు పైగా పట్టింది. అయినా ఒప్పుకున్నది. ఆ ఫలకము ముందు మేము చాలసేపు నిలిచాము.

ఆ ఊరి సంఘ చరిత్ర అంతా సిగ్గుపడవలసినదేనని మేము చెప్పడము లేదు. 1878లో అక్కడ పచ్చ జ్వరము వచ్చింది. అది దోమల వలన వ్యాపిస్తుందని నిరూపణ అయినది 1900లో మాత్రమే గనుక ఆనాడు ఎవరికీ కారణము తెలియదు. ఇరువదియైదు వేలమంది ఊరు విడిచి పారిపోయారు. ఉన్నవారిలో 5,000 మందికి పైగా చనిపోయారు. సెయింట్ మేరీస్ కెథడ్రల్‌కు చెందిన సిస్టర్ కాన్‌స్టన్స్, ఆమె సహోదరీలు, కొందరు గురువులు రోగులను విడువక సేవచేసి, తామూ ఆ జ్వరముతోనే మరణించారు. కాన్‌స్టన్స్ సెప్టెంబరు 9న కన్నుమూసింది. ఎపిస్కోపల్ సంఘము నేటికీ ఆ తేదీన వారిని జ్ఞాపకము చేసుకుంటుంది. వారి సమాధులు ఎల్మ్‌వుడ్ శ్మశానవాటికలో ఉన్నాయి. పై ఫలకమునకు, ఈ సమాధులకు మధ్య దూరము ఎక్కువ లేదు. ఒక ఊరి సంఘము రెంటికీ వారసురాలే.

రెండవ దినము సాయంకాలము నది ఒడ్డున టామ్ లీ పార్కుకు వెళ్లాము. టామ్ లీ నల్లజాతి కూలివాడు. ఈత రాదు. 1925 మే 8న ఒక స్టీమరు మెంఫిస్‌కు దిగువన నదిలో తలక్రిందులైనప్పుడు, ఆయన తన చిన్న పడవను మాటిమాటికీ నడిపి 32 మందిని గట్టుకు చేర్చాడు. ఊరివారు ఆయనకు ఒక ఇల్లు కొనిపెట్టారు, ఊరి చెత్త ఎత్తే ఉద్యోగము ఇచ్చారు. ఆయన 1952లో చనిపోగా 1954లో ఒక స్తంభము నిలిపారు. మిక్కిలి యోగ్యుడైన నీగ్రో అని దాని మీద చెక్కించారు. పొగడుతూనే తక్కువ చేసిన మాట అది. 2006లో వేరొక శిల్పము వచ్చింది. అందులో ఆయన పడవలో నుండి వంగి, నీటిలోని మనిషికి చేయి అందిస్తున్నాడు. అక్కడ జాతి మాట లేదు, చాచిన చేయి ఉన్నది.

టామ్ లీ చేసిన చెత్త పనిలోనే ఉన్నవారి కథ మూడవ దినమున చూచాము. 1968 ఫిబ్రవరి 1న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు వర్షమునకు తలదాచుకొనుటకు చెత్త లారీ వెనుక భాగములోనికి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రము దానంతట అదే కదలి వారిని నలిపి చంపింది. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పారిశుధ్య కార్మికులు సమ్మెకు దిగారు. నేనొక మనిషిని అనే అర్థము గల అట్టలు మెడలో వేసుకొని వీధులలో నడిచారు. జీతము మాటకంటె ముందు వారు చెప్పినది ఆ మాటే.

ఆ సమ్మెకు కేంద్రము క్లేబోర్న్ టెంపుల్ అనే దేవాలయము. ఆ భవనము మొదట శ్వేతజాతివారి సెకండ్ ప్రెస్బిటేరియన్ సంఘమువారిది. 1949లో వారు దానిని నల్లజాతి మెథడిస్టులకు అమ్మి వేరొక పేటకు వెళ్లారు. 1964లో ఆ క్రొత్త దేవాలయమునకు నల్లజాతి, శ్వేతజాతి విద్యార్థులు కలిసి ఆదివారము ఆరాధనకు వస్తే, పెద్దలు మెట్ల మీద అడ్డముగా నిలిచారు. వారాల తరబడి అట్లే జరిగింది. 1965లో సంఘస్థులే ఆ పద్ధతి మార్చారు. అది సహించని కొందరు విడిపోయి వేరే సంఘము పెట్టుకున్నారు.

సమ్మెలో ముందు నిలిచిన పాదిరి జేమ్స్ లాసన్‌గారు ఆ ఊరి సెంటెనరీ మెథడిస్టు దేవాలయపు కాపరి. సెంటెనరీ అనగా శతాబ్దియే గదా! ఆయన 1953 నుండి సుమారు మూడేండ్లు మన నాగపూరులోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి, గాంధీగారి సత్యాగ్రహ మార్గమును అభ్యసించారు. ఆ పాఠమునే తన దేశమునకు తీసుకొనివెళ్లి యువకులకు నేర్పారు. 2024లో, 95 ఏండ్ల వయస్సులో, ప్రభువునందు నిద్రించారు. కార్మికులకు అండగా రమ్మని డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్‌గారిని పిలిచినది ఆయనే.

మేము వెళ్లేనాటికి క్లేబోర్న్ టెంపుల్ లేదు. 2025 ఏప్రిల్ 28న అగ్నికి ఆహుతి అయింది. ప్రక్కన 2018లో కట్టిన స్మారక స్థలములో సమ్మె చేసినవారి పేర్లు మాత్రము చెక్కి ఉన్నాయి. దేవాలయము కాలిపోయినా, చెత్త ఎత్తినవారి పేర్లు నిలిచాయి.

కింగ్‌గారు ఏప్రిల్ 3 రాత్రి గాలివానలో మేసన్ టెంపుల్‌లో తన చివరి ప్రసంగము చేశారు. మరునాడు సాయంకాలము 6 గంటల 1 నిమిషమునకు లొరైన్ మోటెల్ బాల్కనీ మీద తుపాకి గుండు తగిలింది. వయస్సు 39 ఏండ్లు. ఏప్రిల్ 16న సమ్మె ముగిసింది, నగరము కార్మికుల సంఘమును గుర్తించింది. ఆ మోటెల్ 1991లో జాతీయ పౌరహక్కుల మ్యూజియము అయింది. ఆయన ఉన్న 306వ గది అద్దము వెనుక ఆనాడున్నట్లే ఉన్నది. ప్రక్క సర్దలేదు, కప్పులు తీయలేదు. బాల్కనీకి పూలదండ కట్టి ఉన్నది. మాలో ఎవరమూ మాట్లాడలేదు. మేమందరమూ అప్పటికే ఆయన వయస్సు దాటినవారము.

ఆ మ్యూజియమునకు ఎదుట వేరొక సాక్ష్యము కూడ ఉండేదని విన్నాము. మ్యూజియము కొరకు 1988లో ఖాళీ చేయించినప్పుడు, ఆ మోటెల్‌లో చివరిగా మిగిలిన స్త్రీ ఎదుటి వీధి మూలను కూర్చొని ఏండ్ల తరబడి నిరసన తెలిపింది. ఈ సొమ్ము బీదలకు ఇండ్లు కట్టుటకు ఖర్చుచేస్తే కింగ్‌గారికి అదే నిజమైన స్మారకము గదా అని ఆమె అడిగింది. ఆమె ప్రశ్నకు మా వద్ద సులువైన జవాబు లేదు. మన శతాబ్ది కమిటీలకు కూడ ఆ ప్రశ్న చెందుతుందని మాత్రము చెప్పగలము.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదిలో నుండి పండ్రెండు రాళ్లు తీసి నిలిపిన సంగతి మనమెరుగుదుము. పిల్లలు అడుగుతారని, అడిగినప్పుడు పెద్దలు చెప్పవలెనని ఆ రాళ్లు నిలిపారు. రాయి నిలుపుట సులభము. పిల్లలు అడిగినప్పుడు సగము చెప్పి ఊరకుండుట ఇంకా సులభము. మెంఫిస్‌లో 1954 నాటి రాయి, 1955 నాటి రాయి సగము చెప్పాయి. మిగతా సగము చెప్పుటకు మనుమలు రావలసి వచ్చింది.

ప్రియ సంఘస్థులారా, మన దేవాలయపు గోడలోని పాలరాతి మీద దాతల పేర్లు, గురువుల పేర్లు ఉన్నాయి. మా పాస్టరేటు పాత లెక్కల పుస్తకములో రాళ్లు మోసినవారు పేర్లు లేక, కూలీలుగా మాత్రమే కనబడుతున్నారు. వారి మనుమలే నేడు మన బల్లల మీద కూర్చొన్నవారు. ఊరి చెత్త ఎత్తి వచ్చి ఆదివారము మన ప్రక్కన మోకరించేవారు మన సంఘములలో లేరా? ఒకే బల్ల యొద్ద ప్రభు సంస్కారము తీసుకొని, పెండ్లి మాట వచ్చేసరికి ఏ పేటవారని అడుగుట మనలో లేదా? ఈ సంగతులు లేకుండ మన నూరేండ్ల చరిత్ర వ్రాస్తే అది 1955 నాటి ఫలకమే అవుతుంది.

కనుక మా విన్నపము ఒక్కటే. ప్రతి సంఘములో ఎనుబది ఏండ్లు దాటిన పెద్దల యొద్దకు యువజనులు ఈ సంవత్సరమే వెళ్లి, గుడి కట్టినప్పుడు మట్టి మోసినదెవరు, బైబిలు స్త్రీలుగా ఊరూరు నడిచినదెవరు, ఎవరిని వెనుక కూర్చోబెట్టారు అని అడిగి వ్రాసుకొనవలెను. ఆ పేర్లను ఉత్సవ ఆరాధనలో బిగ్గరగా చదువవలెను. మన పిల్లలు అడిగినప్పుడు పూర్తిగా చెప్పగల ధైర్యమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.