ఆల్ఫా పాఠశాల బ్యాండు గది
సువార్త గీతాలు, జాజ్, జమైకా సంగీతం ఒకే కచేరీలో వినిపిస్తే, పరిశుద్ధమైన దానిని లౌకికముతో కలిపారని మనలో కొందరు అభ్యంతరపడతారు. చరిత్ర వేరొక సంగతి చూపుతుంది. 1930లలో చికాగోలో సువార్త గీతాలకు కొత్త రూపమిచ్చిన థామస్ డార్సీ అంతకుముందు బ్లూస్ వాయించినవాడే. అనేక సంఘాలు మొదట ఆయన పాటలను నిరాకరించాయి.

జమైకా విషయం మరీ గమనించదగినది. కింగ్‌స్టన్‌లో 1880లో అనాథాశ్రమంగా మొదలైన ఆల్ఫాను 1890 నుండి మెర్సీ సిస్టర్లు నడిపారు. అక్కడ దిక్కులేని బాలురకు చెప్పులు కుట్టడం, ముద్రణ వంటి పనులతోపాటు బ్యాండు వాయిద్యాలు నేర్పారు. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అయితే స్వయంగా జాజ్ రికార్డులు సేకరించి వారికి వినిపించేవారు! 1964లో స్కా సంగీతంతో పేరు పొందిన స్కాటలైట్స్ బృందంలోని డాన్ డ్రమండ్, టామీ మెకూక్, లెస్టర్ స్టెర్లింగ్, జానీ మూర్ నలుగురూ ఆ విద్యార్థులే. మిషను చరిత్ర వ్రాసే మనము కీర్తనల పుస్తకాలు చూచాము గాని, ఆ బ్యాండు గదిలోనికి తొంగిచూడలేదు.