కామాటి గడ్డపార నుంచి డబుల్ స్టాండు దాకా



మన వాళ్ళు ఈ ఊరికి వచ్చిందే బరువులు ఎత్తడానికి. బొంబాయి అప్పట్లో ఏడు దీవులు. 1784 నాటికి వర్లీ దగ్గర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగింది. మధ్యలోని పల్లపు నేల మెల్లగా ఎండి, పూడి, ఇళ్ళ జాగా అయింది. ఆ నేల మీద రాయి మోయడానికి, గోడ కట్టడానికి నిజాం రాజ్యం నుంచి కూలీలు వచ్చారు. ఇక్కడివాళ్ళు వాళ్ళని కామాటీలు అన్నారు. వాళ్ళున్న చోటు కామాటిపురా అయింది. ఆ పేరు చెబితే ఇవాళ జనం ఇంకేదో అనుకుని మూతి తిప్పుకుంటారు. పేరు మాత్రం కూలి చేసి సంపాదించుకున్న పేరు.

మోటారు సైకిలు ఇంటి దగ్గర ఎలా ఎత్తాలో రాయమని కుర్రవాళ్ళు అడిగితే ఈ ముసలాయన కామాటిపురా పురాణం మొదలుపెట్టాడని నవ్వకండి. రెండూ ఒకే విద్య. ఆ విద్య మన వాళ్ళ చేతుల్లో ఉండేది. ఇప్పుడు జారిపోతోంది. దాని ఖరీదు కూడా చూస్తున్నాం. మన వాడల్లో వేళ్ళు నలిగినవాళ్ళు, నడుము పట్టేసినవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు.

కామాటీ ఒక పెద్ద రాతిని జరపాలంటే దాన్ని కావలించుకుని లేపడు. ముందు గడ్డపార మొన రాతి కింద దూర్చి, పక్కన చిన్న రాయి ఆనిక పెట్టి, పార రెండో కొస మీద తన ఒళ్ళంతా వేస్తాడు. రాయి రెండు వేళ్ళ ఎత్తు లేస్తుంది. రెండోవాడు వెంటనే సందులో చెక్క ముక్క తోస్తాడు. మళ్ళీ పార, మళ్ళీ చెక్క. తోసేవాడి వేళ్ళు ఎప్పుడూ చెక్క వెనకే ఉంటాయి, రాతి కిందికి పోవు. ఎత్తినదాన్ని ఎత్తినట్టు చేత్తో పట్టుకుని నిలబడటం అనేది ఈ పనిలో లేదు.

మేము చదివింది మున్సిపల్ తమిళ బడిలో. అక్కడ సైన్సు పుస్తకంలో దీని పేరు నెంబుకోల్. మరాఠీ పిల్లలు తరఫ్ అని చదివేవాళ్ళు. తెలుగు పుస్తకాల్లో తులాదండం అంటారని చాలా ఏళ్ళ తర్వాత సంఘం లైబ్రరీలో చూశాం. మూడు మాటలూ పరీక్షకు పనికొచ్చేవే. పనిలో ఉన్నవాళ్ళు మాత్రం మన వైపు గడ్డపార అని, మరాఠీవాళ్ళు పహార్ అని ఊరుకునేవాళ్ళు.

రైల్వేలో కూడా ఇదే చూశాం. మాటుంగా వర్క్‌షాపు 1915 నాటిది. అక్కడ మరమ్మతుకు వచ్చిన పెట్టెను లేపి, కింది నుంచి బోగీలు బయటికి తోస్తారు. మేము గుమాస్తాలం, జాకీ పట్టిన చేతులు కావు, రిజిస్టరు పట్టిన చేతులు. అయినా ఆ షెడ్డుల్లో తిరిగితే కంటికి పడేది ఒకటే. జాకీ ఎత్తడానికి, ట్రెస్టిల్ నిలబెట్టడానికి. పెట్టె ట్రెస్టిళ్ళ మీద కూర్చునే దాకా ఎవడూ దాని కింద తల పెట్టడు. పట్టాలు తప్పిన వ్యాగనును మళ్ళీ ఎక్కించేటప్పుడు కూడా కొంచెం ఎత్తడం, కింద కొంచెం చెక్క పేర్చడం, మళ్ళీ కొంచెం ఎత్తడం. కామాటీ తాత చూస్తే, కొత్తేముందిరా ఇందులో అనేవాడు.

ఇక మోటారు సైకిలు సంగతి. రెండో యుద్ధం నాటి బ్రిటిష్ బండ్లు, బీఎస్‌ఏ ఎం20 లాంటివి, కొందరికి గుర్తుండవచ్చు. వాటికి వెనక చక్రం దగ్గర బిగించిన స్టాండు ఉండేది. దాన్ని కిందికి దించి, బండి మొత్తాన్ని వెనక్కి, పైకి లాగాలి. అది 160 కిలోల పైబడిన బరువు. పట్టాలంకారం లేనివాడికి నడుము విరిగేది. తర్వాత వచ్చిన బండ్లలో స్టాండు మధ్యలోకి, ఇంజన్ వెనక్కి జరిగింది. దాన్నే మనం డబుల్ స్టాండు అంటాం. చూడటానికి చిన్న మార్పు. నిజానికి గడ్డపారను బండికే తగిలించారు.

1955లో మద్రాసు తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ కంపెనీ మొదలైంది. బొంబాయి పార్శీలు రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ మైసూరులో 1961లో జావా తయారీ మొదలుపెట్టారు. 1973 నుంచి అదే యెజ్డీ. లాంబ్రెట్టా స్కూటర్లు మన బొంబాయిలోనే, ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియావాళ్ళు చేసేవారు. అయితే చాల్‌లో ఉండేవాడికి బండి ఎక్కడిది? నాయ్‌గావ్, వర్లీ బీడీడీ చాళ్ళు 1920లలో కట్టినవి. ఖోలీ 160 చదరపు అడుగులు. మిల్లు కార్మికుడు సైకిలు కొంటేనే గొప్ప. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె దానికీ ఎసరు పెట్టింది. మన చాళ్ళ మధ్య సందుల్లో బండ్లు వరసగా నిలబడింది 1985లో హీరో హోండా సీడీ100, యమహా ఆర్‌ఎక్స్100 వచ్చిన తర్వాతే. అవి సుమారు నూరు కిలోల బండ్లు. ధర అందుబాటులో, బరువు చేతిలో.

ఆదివారం పొద్దున నీళ్ళు వచ్చే వేళకు ఆ సందే గ్యారేజీ. రేషన్ కిరోసిన్‌లో పాత బనియన్ ముంచి చైను తుడవడం, పానాలు పక్కింటి నుంచి అడిగి తేవడం, చుట్టూ పిల్లలు. మెకానిక్‌కి డబ్బులిచ్చే స్తోమత లేక నేర్చుకున్న పని అది. ఆ సందులో పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతే ఇప్పుడు రాస్తున్నాం.

నేల గట్టిగా, సమంగా ఉండాలి. ముందు చక్రం పల్లానికి ఉంటే అసలు ఎత్తకండి, స్టాండు దానంతట అదే వదిలి బండి ముందుకు దూకుతుంది. గేరు న్యూట్రల్. కాలికి బూటు, చెప్పులు కాదు. బండికి ఎడమ పక్కన నిలబడి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు పక్కన కడ్డీ మీద. కుడి కాలితో స్టాండు దించాక, బండిని నిటారుగా చేసి అటూ ఇటూ కొద్దిగా ఊపండి. స్టాండు రెండు కాళ్ళూ నేలకు ఆనినట్టు కాలికే తెలుస్తుంది. ఒక్క కాలు ఆని రెండోది తేలిపోతూ ఉండగా బలం వేస్తే బండి అవతలి పక్కకు పడుతుంది. పడే బండిని ఆపబోయేవాడు దానితో పాటే పోతాడు. రెండూ ఆనాక, స్టాండు కొక్కెం మీద మీ బరువంతా వేసి నిలబడండి. చేతులు దారి చూపించడానికే. బండి తానే వెనక్కి జరిగి పైకెక్కుతుంది. సన్నటి కుర్రవాడు బుల్లెట్‌ను అవలీలగా స్టాండు వేస్తుంటే, జిమ్ముకు పోయే అన్న చేతులతో లాగి చెమటలు కక్కడం మేము చాలాసార్లు చూశాం. కాలితో చేసే పని చేతులకు అప్పగిస్తే అంతే.

ఇంకా బరువనిపిస్తే వెనక చక్రాన్ని ముప్పావు అంగుళం చెక్క మీదికి ఎక్కించి, అప్పుడు స్టాండు వేయండి. సగం ఎత్తు ముందే ఎక్కినట్టు. నేల మెత్తగా ఉంటే మాత్రం చెక్క స్టాండు కాళ్ళ కింద ఉండాలి, లేకపోతే వర్షాకాలంలో ఒక కాలు దిగబడి బండి రాత్రికి రాత్రి ఒరుగుతుంది. దించేటప్పుడు ముందుగా సైడు స్టాండు తెరిచి పెట్టండి. చెయ్యి జారినా బండి దాని మీద వాలుతుంది.

చక్రం విప్పాలంటే గట్టి నట్లను బండి నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయాలి. ఎత్తాక పానా మీద ఊగితే స్టాండు మీంచి బండి దిగుతుంది. ముందు చక్రం లేపాలంటే ఇంజన్ కింద ఫ్రేమ్ పైపు ఉన్న బండికి ఆ పైపు కింద, చెక్క అడ్డం పెట్టి, కారు జాకీ వాడవచ్చు. సైలెన్సర్ గొట్టం కింద, ఆయిల్ నట్టు కింద వద్దు. ఆ తర్వాత కామాటీ పద్ధతే, జాకీ పక్కన చెక్క దుంగ కూడా ఆనించండి. ఇటుక వద్దు. బరువు ఎక్కువైతే చెక్క మూలిగి చెబుతుంది, ఇటుక చెప్పదు.

అన్నిటికంటే ముఖ్యం చైను. డబుల్ స్టాండు మీద వెనక చక్రం గాల్లో ఉంటుంది కదా అని ఇంజన్ నడిపించి, గేరు వేసి, తిరిగే చైనుకు గుడ్డ పెట్టి తుడుస్తారు. గుడ్డ పళ్ళచక్రంలో పడితే వేలు దాని వెంట పోతుంది. అరవడానికి కూడా టైముండదు. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. 2012లో కేటీఎం డ్యూక్ వచ్చింది, దానికి డబుల్ స్టాండు లేదు. అలాంటి బండ్లు ఇప్పుడు మన సందుల్లో బోలెడు. కంపెనీకి బరువు తగ్గింది, బండి వంపులకు అందం వచ్చింది, గడ్డపార పోయింది. సైడు స్టాండు మీద ఒరగదీసి, రెండో పక్క ఇటుకలు పేర్చి వెనక చక్రం విప్పే వీడియోలు కుర్రవాళ్ళు చూస్తున్నారు. అలా చేయకండి. ఈ బండ్లకు ప్యాడక్ స్టాండు అని విడిగా అమ్ముతారు. పొడుగు పిడి ఉన్న ఇనప చట్రం, వెనక చక్రం చేతికి రెండు పక్కలా తగులుతుంది, పిడి నొక్కితే లేస్తుంది. ఇద్దరు ఉండాలి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి, రెండోవారు రెండు కొక్కేలూ సరిగ్గా కూర్చున్నాయని వంగి చూశాకే పిడి నొక్కాలి. ముందు బ్రేకు లీవరుకు రబ్బరు బ్యాండు బిగించి ఉంచండి. ముందూ వెనకా రెండూ ఎత్తాలంటే మొదట వెనక, దించేటప్పుడు మొదట ముందు.

చాళ్ళు కూడా పోతున్నాయి. మ్హాడా వర్లీలో కొత్త టవర్లు కట్టింది, 500 చదరపు అడుగుల ఇళ్ళు. నాయ్‌గావ్‌లోనూ పని సాగుతోంది. మంచిదే, 160 అడుగుల్లో మూడు తరాలు పడుకున్నవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. కానీ టవరులో పార్కింగు ఉంటుంది, సందు ఉండదు. బండి కింద చెక్క తోయడానికి రెండో మనిషి కావాలి. చాల్‌లో కేకేస్తే నలుగురు దిగేవాళ్ళు. పదిహేనో అంతస్తు నుంచి కేక ఎవరికి వినపడుతుంది?

అందుకని వచ్చే మీటింగులో ఒక మాట పెడుతున్నాం. సంఘం డబ్బుతో ఒక ప్యాడక్ స్టాండు, ఒక కారు జాకీ, టేకు కాకపోయినా గట్టి చెక్క దుంగలు నాలుగు కొని ఆఫీసు మెట్ల కింద పెడదాం. కావలసినవారు తీసుకెళ్ళి, సాయంత్రానికి తెచ్చివ్వాలి. ఒక్కరే వస్తే ఇవ్వం, ఇద్దరు రావాలి, ఇద్దరూ సంతకం చేయాలి. రిజిస్టరు మేము రాస్తాం, ముప్ఫై ఏళ్ళ అలవాటు.