ధాత కరువు ఏ సంవత్సరం?

చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి రాజులూ, కోటలూ, యుద్ధాలూ. పదో తరగతిలో తేదీలు బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయిన ఆ చరిత్రతో వంటింట్లో మనకేం పని అనిపిస్తుంది. అందులోనూ మాది పామిడి. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే బస్సులో గుత్తి దాటాక ఓ కునుకు తీస్తే అనంతపురం వచ్చేస్తుంది. మధ్యలో పామిడి వుందని చాలామందికి తెలియనే తెలియదు. తెలిసినవారికి బట్టల వూరుగా తెలుసు. రంగులద్దే వృత్తిగల భావసార క్షత్రియుల కుటుంబాలూ, కుట్టు మిషన్ల చప్పుడూ, పెన్న ఒడ్డున భోగేశ్వరస్వామి గుడీ — ఇదీ మా వూరు. ఇక ఆ పెన్నలో నీళ్ళు చూసిన రోజులకన్నా ఇసక చూసిన రోజులే ఎక్కువ.

ఇలాంటి వూరి చరిత్ర వెతుకుతున్నానంటే ఎవరైనా నవ్వుతారు. “మనకు చరిత్ర యాడుండాదమ్మా! అదంతా గుత్తి కోటకు పోయింది” అంటుంది మా పక్కింటి అక్క. అయినా పిల్లలు బడికీ, వారు ఆఫీసుకూ పోయాక దొరికే ఆ రెండు గంటల్లో వెతకడం మొదలుపెట్టాను. ఇప్పుడు మద్రాసుదాకా పోనక్కర్లేదు. 1905లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే ఐ.సి.ఎస్. అధికారి రాసిన అనంతపురం జిల్లా గెజిటీరు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతుంది. కందిపప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు చదువుకోవచ్చు.

అయితే పాత పుస్తకాల్లో మన వూళ్ళను పట్టుకోవడం, పెళ్ళయి వెళ్ళిన స్నేహితురాలిని పుట్టింటి పేరుతో వెతకడంలాంటిదే. ఇంగ్లీషువాళ్ళు గుత్తిని ‘గూటీ’ అన్నారు, కడపను ‘కడ్డపా’ అన్నారు. ఆ స్పెల్లింగు తెలియకపోతే ఎంత వెతికినా చిక్కవు. పైగా 1882 దాకా అనంతపురం జిల్లా అనేదే లేదు. అంతకుముందు సంగతులు కావాలంటే బళ్ళారి జిల్లా పుస్తకాల్లో చూడాలి. 1872లో కెల్సాల్ రాసిన బళ్ళారి మాన్యువల్‌లో మనమూ వున్నాం. ఇంకా వెనక్కి పోతే, 1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని కంపెనీవారికి ఇచ్చేశాడు గనక ‘దత్తమండలాలు’ అని వెతకాలి. ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాల సభలో ఖాయమైంది. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో వున్నాం కాబట్టి పాత కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వున్నాయి. మొన్న 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. వందేళ్ళ తర్వాత మన మునిమనవరాళ్ళకూ ఈ తిప్పలు తప్పవన్నమాట!

ఈ వెతుకులాటలో నాకు మొదట దొరికింది గుత్తి కథే. మాకు పాతిక కిలోమీటర్ల దూరంలో వున్న ఆ కోటను మురారిరావు ఘోర్పడే ఏలాడు. 1776లో హైదరాలీ దాన్ని పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడో తెలుసా? ఫిరంగులకు లొంగని కోట దాహానికి లొంగింది. కొండమీద నీళ్ళు అడుగంటేసరికి మురారిరావు సంధికి దిగి, డబ్బు చాలక వెండి బంగారాలూ, ఇంటి నగలూ పంపించాడట. బాకీకి పూచీగా ఒక యువకుణ్ణి కూడా పంపాడు. హైదరాలీ ఆ అబ్బాయికి మర్యాదలు చేసి, మాటల్లో పెట్టి, కోటలో నీళ్ళు ఇంక మూడు రోజులకే వస్తాయన్న సంగతి రాబట్టాడు. ఆపైన సంధి లేదు, ఏమీ లేదు. ఈ కథ విల్క్స్ రాసిన మైసూరు చరిత్రలో వుంది. బిందెడు నీళ్ళకోసం ట్యాంకరు దగ్గర నిలబడ్డ ఏ అనంతపురం ఆడదానికైనా ఇది చదివితే గుండె కలుక్కుమంటుంది. ఆ నగలు తీసి ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు, చూశారూ!

రెండో సంగతి పుస్తకంలో కాదు, మా వీధి అవ్వ దగ్గర దొరికింది. తొంభై దాటిన మనిషి. “ధాత కరువులో మా అవ్వకు అవ్వ బలుసాకు తిని బతికిందంట” అంది ఒకరోజు. ఎప్పటి మాట అవ్వా అంటే, “అదే, ధాతలో” అంది. ఆమెకు వేరే లెక్క లేదు. నేను పంచాంగం తీశాను. మన తెలుగు సంవత్సరాలు అరవైకి ఒకసారి తిరిగి వస్తాయి గదా! 1996లో వచ్చింది ధాత. అంతకు అరవై ఏళ్ళ ముందు 1936. ఇంకో అరవై వెనక్కి పోతే 1876. సరిగ్గా ఆ ఏడే దక్షిణదేశమంతా మహాక్షామం మొదలైందని గెజిటీరు చెబుతోంది. రెండేళ్ళు సాగిందది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య, మనం కలిసివున్న ఆనాటి బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదోవంతు జనం తగ్గారు. వీధిలో అయిదిళ్ళుంటే ఒక ఇల్లు మూతపడ్డట్టు!

అప్పుడు కలకత్తానుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించాలని, కరువు పనికి వచ్చిన మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, దానిమీద చిల్లర డబ్బులు చాలునని తేల్చాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టేవాడికి! కార్నిష్ అనే వైద్యాధికారి ఇది చాలదని గట్టిగా ఎదిరించాడు. చివరకు కూలి పెంచక తప్పలేదు. 1878లో విలియం డిగ్బీ ఈ కరువు గురించి రెండు సంపుటాలు రాశాడు. అవీ నెట్టులో వున్నాయి. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మనం అలవోకగా అంటూంటాం. ఆ లెక్కలు చదివాక నాకు ఆ మాట అంత తేలిగ్గా నోట రావడంలేదు.

అవ్వ దగ్గర సంవత్సరం పేరు వుంది, పుస్తకంలో అంకె వుంది. రెండూ కలిస్తేనే చరిత్ర. పుస్తకం ఒక్కటే చదివితే బలుసాకు తెలియదు. అవ్వ మాట ఒక్కటే వింటే 1876 తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోనులో కనిపించిందల్లా చరిత్ర కాదు. ఏ గుడి గురించి వెతికినా “వెయ్యేళ్ళనాటిది” అని పదిచోట్ల వుంటుంది. చూడబోతే పదీ ఒకచోటినుంచి దింపుకున్నవే. “ఎవరు చెప్పారు? ఎక్కడ రాసివుంది?” అని అడగాలి. కూరగాయలవాడి దగ్గర వంకాయ తిప్పి చూడకుండా కొంటామా? శాసనం వుంటే ఏ సంపుటంలో అచ్చయిందో చూడాలి. మన జిల్లా పాత శాసనాలు చాలావరకు కన్నడంలో వున్నాయని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. మెకంజీ దొరకోసం కావలి సోదరులవంటి తెలుగువాళ్ళు వూరూరా తిరిగి రాయించిన కైఫియత్తులు మరో నిధి. అయితే అందులో కరణంగారు విన్నదీ, కన్నదీ, వూహించిందీ కలిసే వుంటాయి. పాలూ నీళ్ళూ వేరుచేసుకోవడం మన పని.

మరి ఆడవాళ్ళ చరిత్ర ఎక్కడుంది? ఇనాం రిజిస్టర్లలో, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజుల్లో ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి విధవ’ అని అక్కడక్కడ తొంగిచూస్తుంది. మిగతాదంతా మన ఇళ్ళలోనే వుంది — అటకమీది ట్రంకుపెట్టెలో. పసుపు కొమ్ములద్దిన శుభలేఖలు, సారె సామాన్ల చిట్టా, అద్దకం రంగుల లెక్క రాసిన ఖాతా పుస్తకం, పుట్టింటికి రాసిన కార్డులు. అంగట్లో మూర బట్ట ధర, బియ్యం ధర, ఏ ఏడు వాన పడలేదో, ఏ ఏడు బావి ఎండిందో అన్నీ వాటిలోనే వుంటాయి. ప్రభుత్వ కాగితానికి ఇంకో ప్రతి ఎక్కడో వుంటుంది. వీటికి వుండదు. సంక్రాంతి బూజు దులిపేటప్పుడు ఇవే ముందు పాతకాగితాలవాడి తక్కెడలోకో, భోగిమంటలోకో పోతాయి. కిలోకు ఇన్ని రూపాయలని లెక్కగట్టి ఇచ్చేస్తాం.

ఇచ్చేముందు ఒక్కొక్క కాగితాన్ని వెలుతుర్లో పెట్టి ఫోనుతో ఫొటో తీయండి. ఎవరిది, ఏ వూరు, ఏ సంవత్సరం అని ఒక నోటుబుక్కులో రాయండి. పాత ఫొటోల వెనక పెన్సిలుతో పేర్లు రాయండి. ఇంట్లో ఆ ముఖాలు గుర్తుపట్టేవాళ్ళు వున్నప్పుడే రాయండి. పెద్దవాళ్ళు ‘ఆ యేటి గాలివాన’, ‘ఈ యేటి కరువు’ అన్నప్పుడు సంవత్సరం పేరు అడగండి. తిథులూ, నోములూ, పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునే మనకు ఇదేమంత కష్టం?

అవ్వ చెప్పింది ఇప్పటికి నా నోటుబుక్కులో పదకొండు పేజీలైంది. ఇంకా 1950లనాటి గంజి కేంద్రాల సంగతి అడగాలి. అప్పటికి ఆమె పిల్లే అయినా, గంజి వరసలో నిలబడ్డ మనిషి. ఈ మధ్య ఆమెకు మాట సరిగా వినిపించడంలేదు. అందుకే మధ్యాహ్నం నిద్ర మానేసి, రోజూ ఆ అరుగుమీదికి పోతున్నాను.