కుమ్మరి ఆవం: కాల్పు లోపాలు
కుమ్మరి ఆవం అనేది ఎండిన మట్టిపాత్రలను పిడకలు, కట్టెలతో కలిపి పేర్చి, పైన గడ్డి పరచి మట్టి మెత్తి కాల్చే బట్టీ. పూర్తిగా ఆరని కుండ గోడలోని తడి 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరై దాన్ని పగలగొడుతుంది గనుక తొలిమంట సన్నగా సాగడం అన్నింటికంటె ముఖ్యం. మట్టిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల వద్ద హఠాత్తుగా వ్యాకోచించి, చల్లారేటప్పుడు అంతే వేగంగా సంకోచిస్తుంది కాబట్టి, ఆవాన్ని తొందరపడి విప్పితే సన్నని బీటలు పడతాయి. వేలితో తట్టినప్పుడు ఖంగుమని మోగని కుండ సరిగా కాలనిదో, బీటవారినదో అయి ఉంటుంది. గాలి అందనిచోట ఏర్పడే నలుపు మామూలు కుండకు లోపమే అయినా, తెలంగాణ బృహత్ శిలాయుగ సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు పాత్రలకు అదే ప్రధాన లక్షణం. 16వ శతాబ్దిలో జపాన్‌లోని క్యోటోలో చోజిరో ఆరంభించిన రాకు పద్ధతిలో పాత్రను ఎర్రగా కాగుతుండగానే బయటికి తీస్తారు. ఆ ఉష్ణఘాతాన్ని తట్టుకునేందుకు మట్టిలో గ్రాగ్, అంటే కాల్చి దంచిన మట్టి పొడి, కలుపుతారు.