వంతెన మీద మంచు పోసిన కూలీలు

అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ అనే ప్రాంతంలో వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాలున్నాయి. నూటయాభై ఏళ్ల కిందట అక్కడి పల్లెల ఖర్చుల్లో ఒక వింత పద్దు ఉండేది: వంతెన మీద మంచు పోసినందుకు కూలి. తీసినందుకు కాదు, పోసినందుకే. ఊరంతా మోకాలి లోతు మంచులో మునిగి ఉంటే, ఇద్దరు మనుషులు పారలు పట్టుకుని పక్క పొలంలోని మంచును ఎత్తి తెచ్చి వంతెన లోపల పరిచేవారు. దానికి ఊరు డబ్బులిచ్చేది.

ఇందులో పిచ్చితనమేమీ లేదు. అక్కడి చెక్క వంతెనలకు ఇంటికి వేసినట్టు పైకప్పు ఉండేది. కప్పు వేసింది బాటసారి తడవకూడదని కాదు, వానకు దూలాలు పుచ్చిపోకూడదని. ఆ కప్పు వల్ల వంతెన లోపల మంచు పడేది కాదు. చలికాలం వస్తే బండ్లన్నీ చక్రాలు మాని జారుడు పట్టాల మీద నడిచేవి. మంచు మీద సర్రున దూసుకొచ్చిన స్లెడ్జి బండి వంతెన ఎక్కగానే ఎండు పలకల మీద కిర్రుమని ఆగిపోయేది. గుర్రం ఎంత లాగినా కదిలేది కాదు. అందుకని పలకల మీద మంచు పోసి, బండ్లకు బాట చేసేవారు. కొన్ని ఊళ్లలో ఈ పని చూడటానికి స్నో వార్డెన్ అని ప్రత్యేకంగా ఒక మనిషే ఉండేవాడు.

మే నెలలో నలభై డిగ్రీలు దాటినా వార్త కాని బళ్లారిలో కూర్చుని దీన్ని చదివితే నవ్వు రావచ్చు. కానీ బళ్లారి తూర్పు తాలూకాల రేగడి నేలల్లో నడిచినవాళ్లకు సంగతి సులువుగానే బోధపడుతుంది. వాన పడ్డ నల్లరేగడి బాట మంచుగడ్డ కన్నా ఏం తక్కువ జారదు. తారు రోడ్లు రాకముందు వానాకాలమంతా బండ్లు ఇరుసు దాకా దిగబడేవి. సరుకు రవాణా అంతా నేల ఆరాకే. న్యూ ఇంగ్లండ్ రైతుకు ఈ లెక్క తిరగబడి ఉండేది. అతనికి బాట పాడయ్యేది మంచు కరిగి బురదయ్యే వసంతంలో. దుంగలు లాగాలన్నా, ధాన్యం సంతకు తోలాలన్నా, పక్క ఊరి పెళ్లికి వెళ్లాలన్నా అతను మంచు ఎప్పుడు పడుతుందా అని ఎదురు చూసేవాడు. నేటి డ్రైవరు భయపడే ఋతువే ఆనాటి మనిషికి ప్రయాణాల ఋతువు.

అందుకే ఆ పల్లెల్లో రోడ్డు మీద మంచును ఎత్తిపోసే ఆలోచనే లేదు, అణగదొక్కేవారు. పెద్ద చెక్క రోలరు, దాని మీద బరువుకు రాళ్లు, ముందు నాలుగో ఆరో గుర్రాలు. అది దొర్లుతూ పోతే వెనక బాట సిమెంటు గచ్చులా గట్టిపడేది. ఒక్కో మంచువాన తరవాత ఒక్కో పొర. చలికాలం ముగిసేసరికి బాట పక్కనున్న కంచెల కన్నా ఎత్తుకు లేచేది.

ఆ బాటల మీద ఒక్కటే చిక్కు. స్లెడ్జి బండి చప్పుడు చేయదు. చక్రం గడగడలాడుతుంది, జారుడు పట్టా నిశ్శబ్దంగా వచ్చి మీద పడుతుంది. మలుపుల్లో గుద్దుకోవడాలు ఎక్కువై, గుర్రాలకు గంటలు కట్టి తీరాలని చాలాచోట్ల చట్టాలే చేశారు. బళ్లారి కాన్వెంటు పిల్లలు కూడా డిసెంబరు వస్తే పాడే 'జింగిల్ బెల్స్' పాటలోని గంటలు ఇవే. 1857లో బోస్టన్‌లో అచ్చయిన ఆ పాటలో క్రిస్మస్ ఊసే లేదు. గుర్రబ్బండి మీద కుర్రకారు చేసే షికారు, బండి బోల్తా పడటం, అంతే. రోడ్డు భద్రత కోసం కట్టిన గంట పండగ గుర్తుగా మిగిలింది. బండి పోయింది, బాట పోయింది, పాట మాత్రం ఎండ కాసే ఊళ్లకు కూడా వచ్చి చేరింది.

ఆ బాటల పక్కనే ఉన్న చెరువుల్లో ఇంకో వ్యాపారం నడిచింది. అక్కడ పని సరిగ్గా ఎదురు. రోడ్డు మీద మంచు కావాలి, చెరువు మీద వద్దు. చెరువు గడ్డకట్టాక పైన మంచు పడితే అది దుప్పటిలా కప్పి, కింద గడ్డ మందం పెరగనీయదు. కాబట్టి గుర్రాలతో పై మంచును గీకేసి, నాగలి లాంటి కోతపనిముట్టుతో గళ్లు గీసి, చదరపు దిమ్మలుగా ఐసు కోసేవారు. రంపపు పొట్టులో పొదిగి ఓడలకెక్కించేవారు. ఈ వ్యాపారానికి మూలపురుషుడు బోస్టన్ వాసి ఫ్రెడరిక్ ట్యూడర్. 1806లో మార్టినిక్ దీవికి మొదటి ఓడ పంపితే ఊరంతా నవ్వింది. 1833లో 'టస్కనీ' ఓడలో 180 టన్నుల ఐసు కలకత్తాకు బయలుదేరింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి నాలుగు నెలలకు హుగ్లీ చేరేసరికి దాదాపు 100 టన్నులు గడ్డగానే మిగిలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మద్రాసు సముద్రపు ఒడ్డున ట్యూడర్ ఐస్‌హౌస్ 1842లో లేచింది. 1846-47 చలికాలంలో అతని మనుషులు బోస్టన్ దగ్గరి వాల్డెన్ చెరువు మీద ఐసు కోస్తుంటే ఒడ్డున గుడిసెలో రచయిత హెన్రీ డేవిడ్ థోరో ఉన్నాడు. తన బావి నీళ్లను మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం తాగబోతున్నారని ఊహించుకుని ఆ సంగతి 1854 నాటి తన పుస్తకంలో రాసుకున్నాడు. అప్పటి బళ్లారి మద్రాసు రాజధానిలోని జిల్లాయే. అయితే రైలు లేని రోజుల్లో సుమారు మూడు వందల మైళ్లు ఎద్దుబండి మీద వస్తే ఆ ఐసు నీళ్లవ్వక మానదు. లోతట్టు కంటోన్మెంట్లలో దొరలకు వట్టివేళ్ల తడికెలు, సురేకారం కలిపిన నీళ్లలో సీసాలు తిప్పే నౌకర్లే గతి. ఐసు తయారుచేసే యంత్రాలు వచ్చాక ట్యూడర్ వ్యాపారం మూతపడింది. మద్రాసు ఐస్‌హౌస్ చేతులు మారి నివాస భవనమైంది. 1897లో విదేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు బస చేసింది అందులోనే.

సురేకారం మాట వచ్చింది కనుక దాని దగ్గరి చుట్టం ఉప్పు దగ్గరికి వెళ్లాలి. నేటి మంచురోడ్ల కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కుల్ఫీ బండివాడు కుండలో ఐసు ముక్కలు పోసి, గుప్పిళ్లతో రాతి ఉప్పు చల్లి, రేకు గొట్టాలను అందులో దింపి కదుపుతుంటాడు. కాసేపటికి గొట్టంలో పాలు గడ్డకడతాయి. అదే ఉప్పును షికాగోలో రోడ్డు మీద చల్లితే గడ్డకట్టిన ఐసు కరిగిపోతుంది. ఒకచోట గడ్డకట్టించేది, ఇంకోచోట కరిగించేది ఎలా అవుతుంది? రెండుచోట్లా జరిగేది ఒక్కటే. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టలేదు. అందువల్ల ఐసు కరగక తప్పదు. కరగడానికి వేడి కావాలి. కుండలో అది పాల నుంచి ఆ వేడిని లాక్కుంటుంది, రోడ్డు మీద నేల నుంచీ గాలి నుంచీ తీసుకుంటుంది. ఉప్పూ ఐసూ పాళ్లు కుదిరితే ఆ చల్లదనం మైనస్ 21 డిగ్రీల దాకా దిగుతుంది. 1724లో ఫారెన్‌హీట్ తన కొలతకు సున్నాగా పెట్టుకున్నది కూడా ఐసు, నీరు, లవణం కలిపిన ఇలాంటి మిశ్రమపు చల్లదనాన్నే. అమెరికా టీవీలో ఉదయాన్నే 'జీరో' అని చెప్పే ఉష్ణోగ్రత మన లెక్కలో దాదాపు మైనస్ 18.

బళ్లారి జిల్లాకు ఉప్పు ఒకప్పుడు సముద్రం నుంచి రానక్కర్లేదు. చవిటి నేలల పైమన్ను గీకి, గుంటల్లో పోసి నీళ్లు వడగట్టి, ఆ ఉప్పునీటిని ఎండలో ఇగర్చి ఉప్పరలు మట్టి ఉప్పు తీసేవారు. బీదల వంటింట్లో అదే వాడకం. ఉప్పు పన్నుకు గండి పడుతోందని ఆంగ్ల ప్రభుత్వం 19వ శతాబ్దం చివరికి ఈ పనిని అణచివేసింది. తరతరాల చేతిపని ఒక ఆదాయపు పద్దు కోసం పోయింది. సత్యాగ్రహాల చరిత్రలో దండి తీరానికి దక్కిన చోటులో పిసరంతైనా ఈ చవిటి గుంటలకు దక్కలేదు.

మళ్లీ రోడ్ల మీదికి. 1862లో మిల్వాకీ నగరంలో గుర్రాలు లాగే మంచునాగలి దిగింది. అది వీధి మధ్యలో మంచును తోసి అంచుల్లో గుట్టలు పోస్తే, నడిచేవాళ్లూ అంగళ్లవాళ్లూ స్లెడ్జి తోలేవాళ్లూ కలిసి తిట్టారు. ట్రాము కంపెనీలు పట్టాల మీద ఉప్పు చల్లితే బాట పాడవుతోందనీ బూట్లు, బట్టలు చెడుతున్నాయనీ గొడవ. 1888 మార్చి మంచుతుపానులో 400 మందికి పైగా చచ్చిపోయి, న్యూయార్క్ రోజుల తరబడి స్తంభించాక భూగర్భ రైలు కావాలన్న మాటకు బలం వచ్చింది. బోస్టన్ 1897లో, న్యూయార్క్ 1904లో నేల కిందికి దిగాయి.

మోటారు కారు వచ్చి మిగతా లెక్కంతా మార్చేసింది. మొదట్లో చలికాలం రాగానే కార్లను దిమ్మెల మీదికెక్కించి షెడ్డులో పెట్టేసేవారు. ఏడాది పొడుగునా కారు నడవాలనుకున్న రోజున మంచు శత్రువైంది. అద్దం మీది మంచు తుడవడానికి ట్రాము డ్రైవరు పడుతున్న అవస్థ చూసి అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ 1903లో వైపరుకు పేటెంటు పొందింది. కొనే కంపెనీ ఒక్కటీ దొరకలేదు. టైర్లకు చుట్టే గొలుసులకు హ్యారీ వీడ్ 1904లో పేటెంటు తీసుకున్నాడు. రోడ్ల మీద పద్ధతి ప్రకారం ఉప్పు చల్లడం 1941-42 చలికాలంలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంతో మొదలైంది. వంతెనలో మంచు పోయించిన రాష్ట్రమే మంచు కనబడకుండా చేయడానికీ ముందు నడిచింది. ఆ తరవాత ఇంటర్‌స్టేట్ రహదారులు, వాటి మీద తారు నల్లగా కనబడి తీరాలన్న పట్టుదల, ఏటా కోట్ల టన్నుల లెక్కలో ఉప్పు.

ఆ ఉప్పు కొంత డెట్రాయిట్ నగరం కిందనుంచే వస్తుంది. వెయ్యి అడుగులకు పైగా లోతున గని ఉంది. గొట్టం లాంటి బావిలోంచి పట్టని లారీలను ముక్కలుగా విప్పి, కిందికి దింపి, మళ్లీ బిగించుకున్నారు. పైన కార్లు తయారయ్యేవి, కింద వాటిని తుప్పు పట్టించే ఉప్పు తవ్వేవారు.

అమెరికాలో ఈ పని ఎన్నికల సంగతి కూడా. 1979 జనవరిలో షికాగోను మంచు ముంచేసింది. వీధులు తెరవడంలో తడబడ్డ మేయర్ మైకేల్ బిలాండిక్ తరవాతి నెలలోనే పార్టీ ప్రైమరీలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. అక్కడే ఇంకో ఆచారం: ఇంటి ముందు మంచు ఎత్తి కారుకు చోటు చేసుకున్నవాడు ఆ చోట్లో పాత కుర్చీ పెట్టి ఆఫీసుకు వెళతాడు. సాయంత్రం వచ్చేదాకా ఆ చోటు అతనిది. చట్టం ఒప్పుకోకపోయినా వీధి ఒప్పుకుంటుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టే దేశం నుంచి వెళ్లినవాళ్లకు ఈ న్యాయం ఎవరూ నేర్పక్కర్లేదు.

అలా వెళ్లిన తెలుగువాళ్ల సంఖ్య 1965లో అమెరికా వలస చట్టం మారాక పెరిగింది. ముందు డాక్టర్లు, తరవాత ఇంజినీర్లు. 1976లో పిట్స్‌బర్గ్ దగ్గర కొండవాలు మీద వెంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. ముక్కోటి ఏకాదశి సరిగ్గా మంచు రోజుల్లోనే వస్తుంది. 1977లో మొదటి సభ జరుపుకున్న అక్కడి తెలుగు సంఘం తానా మాత్రం మహాసభలను చాలావరకు వేసవిలోనే పెట్టుకుంటుంది.

కొత్తగా దిగినవాళ్లకు పాతవాళ్లు చెప్పే మాటలు ఇప్పటికీ ఇంచుమించు ఒకటే. రాత్రి మంచు పడేలా ఉంటే వైపర్లు పైకి లేపి పెట్టు, లేకపోతే అద్దానికి అతుక్కుపోతాయి. పొద్దున అద్దం మీద వేడినీళ్లు పోయకు, పగులుతుంది. స్క్రేపరుతో గీకు. వాషరులో నీళ్లు కాదు, గడ్డకట్టని నీలం ద్రవం పొయ్యి. ఏడు డిగ్రీల కింద మామూలు టైరు రబ్బరు బిరుసెక్కుతుంది, స్నో టైర్లు వేయించు. తడి రోడ్డులా మెరుస్తున్నది తడి కాకపోవచ్చు, బ్లాక్ ఐస్ కావచ్చు. పేరుకు నలుపే గాని అది అద్దంలాంటి పలుచని గడ్డ, కింది తారు కనబడుతుందంతే. వంతెన దగ్గర మరీ జాగ్రత్త. కిందా పైనా చలిగాలే కాబట్టి రోడ్డు కన్నా ముందు వంతెన గడ్డకడుతుంది. బండి జారితే బ్రేకు మీద బలంగా తొక్కకు, యాక్సిలరేటరు వదిలి, పోవాల్సిన వైపు చూస్తూ స్టీరింగు మెల్లగా తిప్పు.

ఉప్పు మీద మోజు మాత్రం ఈమధ్య తగ్గుతోంది. వసంతంలో కరిగిన నీటితో పాటు అది చెరువుల్లోకీ బావుల్లోకీ చేరి అక్కడే ఉండిపోతోంది. ఒక చెంచాడు ఉప్పు అయిదు గ్యాలన్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని మినెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చాటుతోంది. పైగా మైనస్ తొమ్మిది, పది డిగ్రీల కింద ఉప్పు పని మందగిస్తుంది. అందుకని ఉప్పునీటిలో బీట్ చక్కెర రసం కలిపి చల్లే ఊళ్లున్నాయి. అది రోడ్డుకు అంటుకుని ఉప్పును ఎగిరిపోనీయదు. విస్కాన్సిన్‌లో అయితే చీజ్ ఊరబెట్టిన ఉప్పునీళ్లు వాడుతున్నారు. 2013 చివర్లో మిల్వాకీ నగరం కూడా, వాసన వస్తుందేమోనన్న శంకతోనే, ఈ ప్రయోగం చేసి చూసింది. అదే రాష్ట్రంలోని పోక్ కౌంటీలో అంతకు ముందు నుంచే ఈ బేరం నడిచింది. ఒకప్పుడు చీజ్ ఫ్యాక్టరీ డబ్బు ఖర్చు పెట్టి పారబోయించుకున్న ఉప్పునీళ్లు అలా ఊరి రోడ్ల మీదికి ఉచితంగా వెళ్లాయి.